డెక్కు చివర 14 డిగ్రీలు

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటిన కాసేపటికి విశాఖపట్నం రేవు బయట సముద్రంలో పెద్ద పేలుడు వినిపించింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అక్కడ మునిగిపోయింది. ఎలా మునిగిందన్నదానిపై రెండు దేశాలూ రెండు మాటలు చెబుతాయి కానీ, ఎందుకొచ్చిందన్నదాంట్లో అనుమానం లేదు. అప్పటికి మన ఏకైక విమానవాహక నౌక అయిన విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చింది. విక్రాంత్ మాత్రం అక్కడ లేదు, అప్పటికే అండమాన్ల వైపు తప్పుకుంది. అది ఇంకా విశాఖ దగ్గరే ఉందని నమ్మించడానికి రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌక దాని పేరుమీద వైర్‌లెస్ సందేశాలు పంపుతూ తిరిగింది. ఈ కథ మనవైపు చాలామంది విన్నదే.

అంతగా ఎవరూ చెప్పుకోని కథ బాయిలర్‌ది. విక్రాంత్‌కున్న నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్లు వచ్చాయి. దాంతో ఓడ పూర్తి వేగం అందుకోలేని స్థితి. ఓడ కాస్త నెమ్మదిగా వెళ్తే ఏమవుతుంది, ఎగరాల్సింది విమానాలు కదా అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఆ ఓడమీద విమానాన్ని ముందుకు విసిరే యంత్రం ఆవిరితో నడిచేది. ఆ ఆవిరీ బాయిలర్ల నుంచే రావాలి. పైగా ఓడ వేగం తగ్గితే విమానం రెక్కలకు తగిలే ఎదురుగాలి తగ్గుతుంది. గాలి తగ్గితే మోయగల బరువు తగ్గుతుంది, బరువు తగ్గాలంటే బాంబులైనా తీసెయ్యాలి, ఇంధనమైనా తీసెయ్యాలి. ఓడ అడుగున ఇనుప డ్రమ్ములో పడ్డ పగులు చివరికి ఆకాశంలో బాంబుల లెక్క దాకా పాకుతుందన్నమాట. ఆ ఇబ్బందితోనే డిసెంబరు 4న విక్రాంత్ విమానాలు కాక్స్‌బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి.

విమానవాహక నౌక గురించి తెలుసుకోవాలంటే ఈ గొలుసును పట్టుకోవాలి. ఈ గొలుసు ఆకాశంలోనూ ఆగదు, విదేశాంగ శాఖ గుమ్మం దాకా వెళ్తుంది. ఓడ ముందుభాగం చదునుగా ఉందా, పైకి వంగి ఉందా అన్నదాన్నిబట్టి ఆ దేశం ఏ విమానాలు కొనగలదో, ఎవరి దగ్గర కొనాలో, ఎన్నేళ్లు వాళ్లమీద ఆధారపడాలో చాలావరకు తేలిపోతుంది.

బరువు రెండు వైపులా కోస్తుంది

నేలమీద యుద్ధవిమానానికి రెండు మూడు కిలోమీటర్ల రన్‌వే ఉంటుంది. ఓడమీద దొరికేది మహా అయితే 200 మీటర్లు. ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. ఇంజన్లు పూర్తి బలంతో తోస్తే నిండు బరువున్న విమానం వేగం సెకనుకు 6 మీటర్ల చొప్పున పెరుగుతుందనుకుందాం. 200 మీటర్లు పరిగెత్తేసరికి దాని వేగం సెకనుకు 49 మీటర్లు, అంటే గంటకు సుమారు 176 కిలోమీటర్లు. నిండా ఇంధనం, క్షిపణులు మోసుకెళ్లే విమానం గాలిలో నిలబడటానికి ఇది చాలదు.

అందుకే ఓడ ముందు గాలికి ఎదురు తిరుగుతుంది. గాలిపటం ఎగరేసే పిల్లవాడు గాలి సరిగ్గా లేనప్పుడు గాలికి ఎదురు పరిగెడతాడు చూడండి, అదే కిటుకు. రెక్కకు కావలసింది నేలమీది వేగం కాదు, గాలితో పోల్చిన వేగం. ఓడ 28 నాట్లతో, అంటే గంటకు 52 కిలోమీటర్లతో వెళ్తుంటే ఆ 52 విమానం ఖాతాలో ఊరికే జమవుతాయి. ఎదురుగాలి కూడా ఉంటే అదీ కలుస్తుంది.

ఇక బరువు సంగతి. రెక్క పుట్టించే లిఫ్టు వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. విమానం బరువు 21 శాతం పెరిగిందనుకోండి, ఎగరడానికి కావలసిన వేగం 10 శాతం పెరుగుతుంది. అదే సమయంలో ఇంజను తోపుకు బరువైన విమానం నెమ్మదిగా స్పందిస్తుంది కాబట్టి, అదే డెక్కు మీద అది అందుకోగల వేగం 9 శాతం తగ్గుతుంది. కావలసింది పెరుగుతూ, దొరికేది తగ్గుతూ ఉంటుంది. రెండు వైపులా పదునున్న కత్తి ఇది. నేలమీదైతే రన్‌వే ఇంకాస్త పొడుగ్గా వేసుకుంటే సరిపోతుంది. ఓడను సాగదీయలేం.

వడిసెలా, వాలుబల్లా?

ఈ చిక్కుకు లోకం రెండు దారులు కనిపెట్టింది. విచిత్రమేమంటే రెండింటిలోనూ బ్రిటన్ చెయ్యి ఉంది.

మొదటిది క్యాటపల్ట్. వడిసెలలో రాయి పెట్టి విసిరినట్టు విమానాన్ని విసిరే యంత్రం. కోలిన్ మిచెల్ అనే బ్రిటిష్ ఇంజనీరు దీన్ని ఆవిరితో నడిచేలా చేశాడు. డెక్కు కింద రెండు పొడవాటి సిలిండర్లు, వాటిలో పిస్టన్లు, పిస్టన్లకు తగిలించిన చిన్న బండి, ఆ బండికి విమానం ముందుచక్రం. ఆవిరి వాల్వు తెరవగానే అమెరికా ఓడలమీద విమానం 90 చిల్లర మీటర్లలో, రెండు మూడు సెకన్లలో గంటకు 260 కిలోమీటర్లు దాటేస్తుంది. ఇప్పుడు ఆవిరికి బదులు విద్యుదయస్కాంత క్యాటపల్టులు వస్తున్నాయి. గుండ్రంగా తిరిగే మోటారును నిలువునా కోసి, చాపలా పొడుగ్గా పరిచేస్తే ఎలా ఉంటుందో అది అలా ఉంటుంది. తిరగాల్సిన భాగం తిన్నగా పరిగెడుతుంది. ఎంత బరువుకు ఎంత తోపు కావాలో అంతే ఇవ్వొచ్చు కాబట్టి చిన్న డ్రోన్లనూ, పెద్ద విమానాలనూ ఒకే పట్టాలమీద పంపొచ్చు. 2017లో సేవలో చేరిన అమెరికా నౌక జెరాల్డ్ ఫోర్డ్ ఈ పద్ధతికి మొదటి ఓడ.

రెండో దారి స్కీ జంప్. డగ్లస్ టేలర్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి 1973లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో రాసిన పరిశోధనా పత్రంలో దీన్ని ప్రతిపాదించాడు. డెక్కు చివరను పైకి వంచితే చాలన్నాడు. యంత్రం లేదు, ఆవిరి లేదు, కదిలే భాగమంటూ ఒక్కటీ లేదు. వంగిన ఇనుము అంతే!

అది ఎలా పనిచేస్తుందో మన లెక్కనే పొడిగించి చూద్దాం. ఆ పాత ఓడ పేరే పెట్టుకున్న ఇప్పటి విక్రాంత్ డెక్కు చివర 14 డిగ్రీలు పైకి లేచి ఉంటుంది. సెకనుకు 49 మీటర్ల వేగంతో ఆ వంపు దాటిన విమానానికి సెకనుకు 12 మీటర్ల చొప్పున పైకి వెళ్లే వేగం వస్తుంది. ఆ క్షణాన రెక్కలు బరువులో సగమే మోస్తున్నాయనుకోండి. అయినా అది పైకి లేచి, మళ్లీ అదే ఎత్తుకు దిగడానికి సుమారు 5 సెకన్లు పడుతుంది. ఆ 5 సెకన్లూ ఇంజన్లు తోస్తూనే ఉంటాయి, వేగం పెరుగుతూనే ఉంటుంది. విమానం దిగిపోవడం మొదలయ్యేలోపు రెక్కలు పూర్తి బరువును అందుకుంటాయి. నిజానికి డెక్కు చివర విమానం ఇంకా ఎగరడం లేదు. దాన్ని గాలిలోకి విసిరేసి, ఎగరడం నేర్చుకోవడానికి 5 సెకన్లు గడువిచ్చినట్టు. స్కీ జంప్ గాలిలో కట్టిన అదనపు రన్‌వే.

1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటన్ సీ హారియర్లు ఇలాంటి వంపుల మీంచే లేచాయి. వాటిలో ఒక ఓడ హెర్మీస్‌ను మనం కొని 1987లో విరాట్‌గా మార్చుకున్నాం. పాత విక్రాంత్‌కూ చివరి రోజుల్లో ఆవిరి యంత్రం పీకేసి ముందువైపు వంపు కట్టారు. ఒకే ఓడ రెండు పద్ధతుల్లోనూ బతికింది.

అయితే వంపు చేసే సాయానికి ఒక హద్దుంది. తోపుతో పోలిస్తే బరువు ఎక్కువున్న విమానాలకు అది చాలదు. అన్నిటికన్నా పెద్ద లోటు, వీపుమీద పెద్ద పళ్లెంలాంటి రాడార్ మోసుకుని గంటల తరబడి ఎత్తున తిరిగే హాక్‌ఐ వంటి నిఘా విమానాలు. క్యాటపల్టున్న దేశాలే వాటిని ఓడలమీంచి నడుపుతున్నాయి. మనం ఆ పనిని కామోవ్-31 హెలికాప్టర్లతో చేయిస్తున్నాం. హెలికాప్టర్ అంత ఎత్తుకు వెళ్లలేదు, అంతసేపు ఉండలేదు. రాడార్ ఎంత ఎత్తున ఉంటే అంత దూరం చూస్తుంది కాబట్టి, డెక్కు చివర వంపు ఓడ చూపును కూడా కుదిస్తుంది.

తాడు అందుకునే మూడు సెకన్లు

లేవడం ఒక ఎత్తు, దిగడం ఇంకో ఎత్తు. 1911 జనవరి 18న శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో యూజిన్ ఎలీ అనే పైలట్ పెన్సిల్వేనియా అనే యుద్ధనౌకమీద కట్టిన చెక్క వేదికపై విమానం దించాడు. వేదికకు అడ్డంగా తాళ్లు కట్టి, ఒక్కో తాడు రెండు కొసలకూ ఇసుక మూటలు వేలాడదీశారు. విమానం కింద కొక్కేలు ఆ తాళ్లను పట్టుకుంటే, ఇసుక మూటలు ఈడ్చుకుంటూ అది ఆగాలి. ఆగింది. నూరేళ్లు దాటినా పద్ధతి మారలేదు. ఇసుక మూటల చోటికి హైడ్రాలిక్ యంత్రాలు వచ్చాయి, తాడు ఉక్కు వైరయింది, కొక్కెం తోక కిందకు చేరింది.

గంటకు 240 కిలోమీటర్ల వేగంతో వచ్చిన విమానం 90 మీటర్లలో ఆగాలంటే మూడు సెకన్లలోపు పని పూర్తవ్వాలి. పైలట్ ఒంటిమీద అతని బరువుకు రెండున్నర రెట్ల బలం ముందుకు లాగుతుంది. ఆ తాడు ఎక్కడుందో దూరం నుంచి ఎలా గురిచూడాలి? నికొలస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ అధికారి దీనికి అద్దంతో దారి చూపాడు. తన ఊహను నిరూపించడానికి ఆయన సెక్రటరీ చేతిసంచిలోని చిన్న అద్దాన్నీ, లిప్‌స్టిక్‌నూ బల్లమీద పెట్టాడని చెబుతారు. అద్దం మీద లిప్‌స్టిక్‌తో గీత గీసి, లిప్‌స్టిక్ ప్రతిబింబం ఆ గీతకు సమంగా కనిపించేలా చూసుకుంటూ బల్లవైపు నడిచి రమ్మని ఆమెకు చెప్పాడట. ఆమె గడ్డం సరిగ్గా బల్ల అంచుకు వచ్చి ఆగింది. ఇప్పటికీ డెక్కు ఎడమవైపు వెలిగే దీపాల వరుసకు మూలం అదే.

నేలమీద దిగే పైలట్ చివరి క్షణంలో విమానం ముక్కు కాస్త ఎత్తి ఆకు రాలినట్టు దించుతాడు. ఓడమీద అలా చేస్తే తాడు దాటిపోతుంది. అందుకని నేలకేసి కొట్టినట్టే దించుతారు. నేలమీది యుద్ధవిమానం సెకనుకు 3 మీటర్ల చొప్పున దిగేటట్టు తయారైతే, ఓడ విమానం సుమారు 7 మీటర్లకు తట్టుకోవాలి. చక్రాల కాళ్లు మింగాల్సిన శక్తి ఐదు రెట్లు పైనే. అన్నిటికన్నా వింతైన నియమం ఒకటుంది. చక్రాలు డెక్కును తాకగానే పైలట్ ఇంజను తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు. కొక్కెం తాడును అందుకోకపోతే డెక్కు చివరి నుంచి మళ్లీ ఎగిరిపోవాలి కదా!

తేజస్ నేర్చుకున్న పాఠం

మన తేలికపాటి యుద్ధవిమానం తేజస్‌ను ఓడ విమానంగా మార్చబోయినప్పుడు ఈ లెక్కలన్నీ ఒకేసారి ఎదురొచ్చాయి. కాళ్లు బలంగా చేయాలి, బరువు పెరిగింది. కొక్కెం తగిలించి, ఆ లాగుడుకు తట్టుకునేలా నడుము బలపరచాలి, ఇంకాస్త పెరిగింది. నెమ్మదిగా దిగడానికి రెక్క మొదట్లో అదనపు పలకలు పెట్టాలి, డెక్కు కనబడటానికి ముక్కు కిందికి వంచాలి. ఇంజను మాత్రం అదే, ఒక్కటే. 2016 డిసెంబరులో నౌకాదళాధిపతి సునీల్ లాంబా ఇది మా అవసరానికి మించిన బరువుందని బహిరంగంగానే చెప్పేశారు.

అయినా పని ఆగలేదు. గోవాలో నేలమీద కట్టిన నకలు డెక్కుమీద ఏళ్ల తరబడి సాధన చేశాక, 2020 జనవరి 11న తేజస్ మన విమానవాహక నౌక విక్రమాదిత్యపై తాడు అందుకుంది. మర్నాడు వంపు మీంచి లేచింది. 2023 ఫిబ్రవరి 6న కొత్త విక్రాంత్‌పైనా దిగింది. ఆ విమానం నౌకాదళంలో చేరలేదు కానీ, ఓడమీద దిగే విమానాన్ని తయారుచేయడం ఎలాగో మన ఇంజనీర్లకు చేతికొచ్చింది. ఇప్పుడు గీస్తున్న కొత్త ఓడ విమానానికి రెండు ఇంజన్లు.

ఓడతో వచ్చే వియ్యం

ఒక ఓడ ఒకసారి కట్టాక నలభై యాభై ఏళ్లు ఉంటుంది. అది మోయగల విమానాలు తయారుచేసే దేశాలు ప్రపంచంలో వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే. అందుకే ఓడ తెచ్చుకోవడం వియ్యం అందుకోవడం లాంటిది. అమ్మాయి ఒక్కతే రాదు, బంధువర్గమంతా వస్తుంది.

2004 జనవరిలో రష్యాతో గోర్ష్‌కోవ్ అనే పాత విమానవాహక నౌక ఒప్పందం కుదిరినప్పుడు ఓడ ఊరికే వస్తుందన్నారు. మరమ్మతుకు 97.4 కోట్ల డాలర్లు. ఏనుగు ఊరికే వచ్చినా మేపు ఊరికే రాదు. 2010 నాటికి ఆ లెక్క 235 కోట్ల డాలర్లయింది. 2008లో రావాల్సిన ఓడ విక్రమాదిత్యగా 2013 నవంబరులో చేతికొచ్చింది. మధ్యలో 2012 పరీక్షల్లో 8 బాయిలర్లలో 7 మొరాయించాయి. ఓడకు ముందువైపు వంపు, వంపుమీంచి లేవడానికి మిగ్-29కే విమానాలు, మొత్తం 45. వాటిలో ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి ఒక దశలో 16 నుంచి 38 శాతం మధ్యనే ఉన్నాయని 2016లో కాగ్ తప్పుపట్టింది. విమానం నచ్చలేదని ఓడ మార్చలేం. ఓడకు సరిపోయే వేరే విమానం వెంటనే దొరకదు.

ఈ బంధం మనకొక్కరికే కాదు. బ్రిటన్ తన కొత్త ఓడలకు వంపు బదులు క్యాటపల్టులు పెడతామని 2010లో ప్రకటించింది. మార్పు ఖర్చు 200 కోట్ల పౌండ్లకు చేరుతుందని తేలాక 2012లో మళ్లీ వంపుకే వచ్చింది. ఆవిరి క్యాటపల్టును కనిపెట్టిన దేశమే క్యాటపల్టును భరించలేకపోయింది. ఫ్రాన్స్ సొంత విమానం, సొంత అణు ఓడ కట్టుకుంది, ఆ ఓడలోని క్యాటపల్టులు మాత్రం అమెరికావి. టర్కీ కథ ఇంకా చేదు. ఎఫ్-35బీ విమానాలు వస్తాయని అనడోలు అనే ఓడను వంపుతో కట్టుకుంది. రష్యా నుంచి ఎస్-400 క్షిపణులు తెచ్చుకుందని 2019లో అమెరికా దాన్ని ఎఫ్-35 పథకం నుంచి తప్పించేసింది. ఓడ మిగిలింది, విమానం లేదు. టర్కీ చేతులు ముడుచుకోలేదు. సొంత డ్రోన్లకు రెక్కలు మడిచే ఏర్పాటు చేసి 2024లో ఆ వంపు మీంచే లేపింది. తాడు అందనప్పుడు ఎగిరిపోవడానికి దాని దగ్గర సొంత ఇంజనుంది.

చైనా నెమ్మదిగా మెట్లెక్కింది. ఉక్రెయిన్‌లో సగం కట్టి వదిలేసిన వంపు ఓడను ఒక వ్యాపారి 1998లో తేలే కాసినో చేస్తానని 2 కోట్ల డాలర్లకు కొన్నాడు. అది 2012లో లియావోనింగ్ పేరుతో యుద్ధనౌకగా తేలింది. రెండోది సొంతంగా కట్టారు, అదీ వంపుతోనే. 2025 నవంబరులో దళంలో చేరిన మూడోది ఫుజియాన్ డెక్కు చదును, విద్యుదయస్కాంత క్యాటపల్టులు. ఓడ ముందుభాగాల ఫొటోలు వరసగా పెట్టి చూస్తే చాలు, ఒక దేశం ఎంత దూరం పోవాలనుకుంటోందో తెలుస్తుంది.

లిఫ్టు దగ్గర కొలబద్ద

కొత్త విక్రాంత్ 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో దళంలో చేరింది. పొడవు 262 మీటర్లు, వెడల్పు 62. దీని ఉక్కుది మన ఊరి కథే. రష్యా నుంచి రావాల్సిన ప్రత్యేక ఉక్కు దొరకడం కష్టమైనప్పుడు, హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల శాస్త్రజ్ఞులు డీఎంఆర్-249 అనే ఉక్కును రూపొందించారు. సెయిల్ కర్మాగారాలు దాన్ని పోసిచ్చాయి. ఓడ ఒంటికి ఒక రకం, విమానాలు వచ్చి మోదుకునే డెక్కుకు ఇంకా గట్టి రకం. ఇప్పుడు మనం కడుతున్న యుద్ధనౌకలకు ఆ ఉక్కే ఆధారం. లేదనిపించుకున్న వస్తువును ఇంట్లో చేసుకోవడంతో ఒక ముడి విడిపోయింది.

అన్ని ముళ్లూ విడిపోలేదు. ఓడను తోసే టర్బైన్ల డిజైన్ అమెరికాది, తేజస్ ఇంజనూ వాళ్లదే. మిగ్‌ల స్థానంలోకి 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌తో 26 రఫేల్-ఎం విమానాలకు సుమారు 63,000 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. అంతకుముందే 2022లో ఆ విమానం గోవా నకలు డెక్కుపై 14 డిగ్రీల వంపు మీంచి లేచి చూపించింది. లేవగలదు, దిగగలదు. ఇక మిగిలింది చాలా చిన్న సంగతి.

డెక్కు మీది విమానాన్ని కింద హ్యాంగర్‌లోకి దించే లిఫ్టులు విక్రాంత్‌లో రెండున్నాయి. ఓడ బొమ్మ గీసిన రోజుల్లో మనసులో ఉన్నది మిగ్. మిగ్ రెక్కలు మడిస్తే వెడల్పు 7.8 మీటర్లు. లిఫ్టు కొలత 10 మీటర్లు, 14 మీటర్లు. రఫేల్ రెక్కలు మడవవు. వాటి వెడల్పు 11 మీటర్లకు కాస్త తక్కువ. విమానాన్ని ఏటవాలుగా తిప్పాలా, రెక్క కొసల్లో క్షిపణి పట్టాలు విప్పాలా అని ఇంజనీర్లు తర్జనభర్జన పడాల్సొచ్చింది. వేల కోట్ల ఒప్పందంలో ఇంత పెద్ద ఓడ, అంత పేరున్న విమానం, వాటి మధ్య ఒక్క మీటరు. రష్యాతో చుట్టరికం కలిసిన రోజుల్లో బొమ్మలో గీసిన ఆ గీత, ఇప్పుడు ఫ్రాన్స్ విమానం రెక్క దగ్గర అడ్డుపడుతోంది.